కాయకంటే ముందు కబురు

ఒకే రంగంలో గానీ పక్కపక్క రంగాలలో గానీ ఉన్న ఉత్పత్తిదారులు, వర్తకులు, కొనుగోలుదారులు సరుకు చేతులు మారని చోట, అంటే కాటా గానీ బిల్లు పుస్తకం గానీ లేని చోట, ఒకరినొకరు తెలుసుకోవడానికి కూడే సందర్భాన్ని వ్యాపార పరిచయ సమావేశం అంటారు. నెట్‌వర్కింగ్ అన్న పేరుతో ఇది నగరాల హోటళ్ళకు, సాఫ్ట్‌వేర్ సంస్థలకు చెందిన వ్యవహారంగా ప్రచారం పొందింది కానీ, దాని అవసరం నగరంలో కంటే మామిడి తోపుల నడుమ ఎక్కువ అన్న సంగతిని చిత్తూరు జిల్లా బంగారుపాళ్యాన్ని దృష్టిలో ఉంచుకుని పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

బంగారుపాళ్యం చెన్నై, బెంగళూరు నగరాలను కలిపే పాత రహదారిపై చిత్తూరుకూ పలమనేరుకూ నడుమ ఉన్న మండల కేంద్రం. పేరులోని పాళ్యం అనే మాట పాళెగాళ్ళ కాలాన్ని గుర్తుచేస్తుంది గానీ, నేడు ఆ పేరు వినగానే చుట్టుపక్కల జిల్లాల వారికి స్ఫురించేది మామిడి మార్కెట్టే. వేసవిలో అక్కడి యార్డుకు బేనీషా, ఖాదర్, మల్లిక, నీలం వంటి తినే రకాలు వస్తాయి. వాటిని టేబుల్ రకాలు అని వ్యవహరిస్తారు. అయితే ఈ ప్రాంతపు రైతు బతుకు ప్రధానంగా ఆధారపడినది బెంగళూరా అని కూడా పిలిచే తోతాపురి మీద. ఈ రకంలో పీచు తక్కువ, కండ ఎక్కువ, తొక్క గట్టి; కాబట్టి ఇది పళ్ళ బుట్టకంటే గుజ్జు ఫ్యాక్టరీకి బాగా నప్పుతుంది. దేశంలో మామిడి గుజ్జు పరిశ్రమ ముఖ్యంగా రెండు చోట్ల గూడు కట్టుకుంది: ఒకటి చిత్తూరు, రెండవది సరిహద్దు దాటితే తగిలే తమిళనాడులోని కృష్ణగిరి. మాజా, స్లైస్, ఫ్రూటీ వంటి పానీయాల సీసాలలోకి చేరేదీ, పశ్చిమాసియాకూ ఐరోపాకూ ఓడలెక్కేదీ చాలా వరకు ఈ గుజ్జే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని విడమరచడం అవసరం, ఎందుకంటే తరువాత చెప్పబోయేదంతా దానిపైనే ఆధారపడి ఉంటుంది. తోతాపురి గుజ్జును వేడిచేసి, సూక్ష్మజీవులు చొరబడని సంచులలో నింపి, ఆ సంచులను ఇనుప డ్రమ్ములలో ఉంచి మూసివేస్తారు. ఒక్కో డ్రమ్ములో సాధారణంగా 215 కిలోల గుజ్జు పడుతుంది. ఈ పద్ధతిలో నింపిన గుజ్జు శీతల గిడ్డంగి లేకుండానే ఏడాదికి పైగా నిలవ ఉంటుంది. నిలవ ఉండడం పరిశ్రమకు వరమే, కానీ రైతుకు అదే చిక్కు: ఈ ఏడు చెట్టు మీద ఉన్న కాయకు పోటీ పక్క తోపులోని కాయ కాదు, నిరుడు నింపి షెడ్డులో అమ్ముడుపోకుండా మిగిలిన డ్రమ్ము. చెట్టు మీద ఎన్ని కాయలున్నాయో రైతుకు తెలుసు. షెడ్డులో ఎన్ని డ్రమ్ములున్నాయో తెలిసినవారు వేరు.

2025 వేసవిలో జరిగినది ఈ వ్యత్యాసాన్ని స్పష్టంగా బయటపెట్టింది. కాపు దండిగా కాసింది, నిరుటి గుజ్జు నిలవలు కరగలేదు, విదేశీ గిరాకీ మందగించింది అని పరిశ్రమ వర్గాలు చెప్పాయి, ధర పడిపోయింది. తోతాపురికి కిలో 12 రూపాయలుగా ప్రభుత్వం లెక్క కట్టి, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు చెల్లించాలని, 4 రూపాయలు తాను రైతు ఖాతాలో వేస్తానని ప్రకటించింది. ఆ జూలైలో బంగారుపాళ్యం మార్కెట్ యార్డు రాష్ట్ర రాజకీయాలకే కేంద్రంగా మారింది. ఆ వాదోపవాదాలు ఈ ప్రసంగానికి విషయం కావు. విషయమల్లా ఇంతే: డ్రమ్ములు మిగిలాయన్న కబురు దిగుమతిదారుకు, ఎగుమతిదారుకు, ఫ్యాక్టరీ మేనేజరుకు కాయ కోతకు రాకముందే తెలుసు; తోపు యజమానికి మాత్రం అది తన వంతు టోకెన్ చేతబట్టుకుని, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో నిలబడ్డాక తెలిసింది. ముందే తెలిసి ఉంటే ధర పెరిగేది కాదు, ఆ భ్రమ అక్కరలేదు. అయితే ఎరువుకు, మందుకు పెట్టే ఖర్చు తగ్గించుకోవడమో, తోపును ముందుగానే గుత్తకు ఇవ్వడమో, కొంత కాయను పచ్చడి వ్యాపారికి మళ్ళించడమో ఆలోచించుకునే వ్యవధి దొరికేది.

కబురు ఎవరి ద్వారా ప్రయాణిస్తుంది అన్న ప్రశ్నను సమాజశాస్త్రం లోతుగానే పరిశీలించింది. అమెరికా సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో బలహీన బంధాల బలం అనే భావనను ప్రతిపాదించాడు. బలహీన బంధం అంటే తెగిపోయే బంధం కాదు. ఏడాదికి ఒకటి రెండు సార్లు పలకరించుకునే పరిచయం. బోస్టన్ సమీపంలోని న్యూటన్ పట్టణంలో కొత్త ఉద్యోగాలలో చేరినవారిని ఆయన విచారించగా, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం సంపాదించినవారిలో ఆ పరిచయస్తుణ్ణి తరచుగా కలిసేవారు నూటికి దాదాపు 17 మంది మాత్రమే ఉన్నారు; అప్పుడప్పుడు కలిసేవారు 55 మందికి పైగా, అరుదుగా కలిసేవారు 28 మందికి దగ్గరగా ఉన్నారు. కారణం ఆలోచిస్తే తేలికే. రోజూ కలిసే మనిషికి తెలిసినది దాదాపుగా తనకూ తెలిసినదే. వేరే ఊళ్ళో, వేరే వలయంలో తిరిగే మనిషి తెచ్చేదే కొత్త కబురు.

ఈ సూత్రాన్ని బంగారుపాళ్యం యార్డుకు అన్వయిస్తే ఒక వింత కనబడుతుంది. సీజనులో ఒక రైతు రోజుకు వందమందిని కలుస్తాడు. కానీ ఆ వందమందీ ఏటా కలిసే వందమందే. అదే మండీ, అదే కాటా దగ్గర గుమాస్తా, అదే ర్యాంపు. ఫ్యాక్టరీల తరఫున కాయ కొని లారీలకు ఎత్తే స్థలాన్ని ఇక్కడ ర్యాంపు అంటారు. రద్దీ ఎంత ఉన్నా వలయం చిన్నదే. అందువల్ల పరిచయ సమావేశం ఉపయోగపడేది కొత్త కబురు తెచ్చే మనిషి అక్కడ ఉన్నప్పుడే, ఉన్నా అతని దగ్గరకు వెళ్ళినప్పుడే.

వెళ్ళడం అన్నది వినడానికి చిన్న విషయంగా తోచినా, అసలు వైఫల్యం అక్కడే. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ అనే పరిశోధకులు న్యూయార్కులో సుమారు వందమంది వ్యాపార నిర్వాహకులను ఒక సాయంకాలపు కూడికకు పిలిచి, ప్రతి ఒక్కరి మెడలో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో నమోదుచేసే ఎలక్ట్రానిక్ బిళ్ళ వేసి చూశారు. ఫలితాలను 2007లో ప్రకటించారు. కొత్తవారిని కలవడమే తమ ఉద్దేశమని వచ్చినవారిలో అత్యధికులు ముందే చెప్పి ఉన్నారు. కానీ హాలులో వారు ఎక్కువగా చేరినది అంతకుముందే ఎరిగినవారి చెంతకే. న్యూయార్కులో జరిగిన ఈ సంగతి చిత్తూరు కల్యాణమండపాలలోనూ తేడా లేకుండా జరుగుతుంది. ఒకే మండలం నుంచి ఒకే కారులో వచ్చిన నలుగురు ఒకే వరుసలో కూర్చుని, ఒకే బల్ల దగ్గర భోంచేసి, తిరిగి అదే కారులో వెళ్ళిపోతారు. సమావేశం బాగా జరిగిందనీ, సాంబారు బాగుందనీ చెప్పుకుంటారు.

వర్తకులు కూడి మాట్లాడుకోవడం తెలుగు నేలకు కొత్త కాదు. ఐహోళె కేంద్రంగా పుట్టి, అయ్యావోళె ఐదునూర్వరు అన్న పేరుతో దక్షిణాపథమంతటా శాసనాలలో కనిపించే వర్తక శ్రేణి కన్నడ, తెలుగు, తమిళ ప్రాంతాలను దాటి శ్రీలంక దాకా విస్తరించింది. ఆ కోవకే చెందిన తమిళ శాసనం ఒకటి, 1088 నాటిది, సుమత్రా దీవిలోని బారుస్ దగ్గర దొరికింది. శ్రేణి అంటే ఒకే వృత్తి చేసేవారి కట్టుబాటు గల సంఘం. కన్నడ, తెలుగు శాసనాలలో దానికి సమయం అన్న పేరు కూడా ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, ఓడ బద్దలైతే సరుకును రాజు స్వాధీనం చేసుకునే పాత పద్ధతిని మాన్పించడం కూడా ఊరూపేరూ తెలియని పరదేశి వర్తకుడికి నమ్మకం కలిగించడానికే. ఆధునిక కాలంలో 1905లో షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మొదలుపెట్టిన రోటరీ క్లబ్బుకు ఆ పేరు వచ్చినది, సభ్యుల కార్యాలయాలలో వంతులవారీగా కూడేవారు కనుక. తొలినాళ్ళలో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునేవారు. 1985లో అమెరికాలో ప్రారంభమై నేడు మన నగరాలలోనూ నడుస్తున్న బీఎన్‌ఐ సంస్థ ఒక్కో శాఖలో పాటించేదీ ఆ నియమమే. వృత్తికి ఒక్కరు అన్న నియమంలోని యుక్తి గమనించదగినది: పోటీదారు పక్కన లేకపోతే మనిషి నోరు విప్పుతాడు.

నోరు విప్పకపోవడానికి సంతలలో పెద్ద చరిత్రే ఉంది. దక్షిణాది పశువుల సంతలలో కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరం సాగించే పద్ధతి ఉంది. పైకి ఇద్దరూ వాన గురించి మాట్లాడుతుంటారు. తువ్వాలు కింద ఒక వేలు పట్టు బిగుస్తుంది, మరొకటి వదులవుతుంది. చుట్టూ మూగినవారికి ఎద్దు కనబడుతుంది గానీ ధర కనబడదు. మొరాకోలోని సెఫ్రూ పట్టణపు బజారును అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1978లో చెప్పిన మాట ఇక్కడ అతుకుతుంది: బజారులో కరువయ్యేది సరుకు కాదు, సమాచారం; అందుచేత అక్కడ నేర్పంతా ఇతరులకు తెలియనిది తెలుసుకోవడంలోనూ, తనకు తెలిసినది దాచడంలోనూ ఉంటుంది. పరిచయ సమావేశం ఈ అలవాటుకు సరిగ్గా ఎదురు నడవమంటుంది. తువ్వాలు తీసివేయమంటుంది. తరతరాలుగా దాచడంలో రాటుదేలినవారికి అది అంత సులువు కాదు. దాన్ని కేవలం పిరికితనంగానో పల్లెటూరి మొహమాటంగానో కొట్టిపారేయడం అన్యాయం.

అయితే ఏది చెప్పాలి, ఏది దాచాలి అన్న విచక్షణ ఉంది. ఒప్పుకోగల అడుగు ధరను ఎవరూ సభలో చెప్పనక్కరలేదు. చెప్పవలసినది సరుకు స్వభావం. రైతు ఉత్పత్తిదారుల సంఘాల ప్రతినిధులు, అంటే 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో రైతులే వాటాదారులుగా ఏర్పడగలిగిన సంస్థల డైరెక్టర్లు, కొనుగోలుదారు ఎదుట సాధారణంగా చెప్పే మాట ఇది: సార్, మాది బంగారుపాళ్యం, మా దగ్గర మామిడి ఉంది, తమరు కొంచెం చూడాలి. ఇందులో మర్యాద నిండుగా ఉంది, సమాచారం లేదు. దీనికి బదులు ఒక ఊహాత్మక సంఘం ప్రతినిధి ఇలా అన్నాడనుకుందాం: మా సంఘంలో 60 మంది రైతులు, 240 ఎకరాల తోతాపురి, జూన్ మూడో వారం నుంచి జూలై ఆఖరు దాకా రోజుకు 20 టన్నులు ఇవ్వగలం, తోపుల నుంచి హైవే 6 కిలోమీటర్లు, నిరుడు కోత నాటి బ్రిక్స్ 15. విన్నవాడు ఫ్యాక్టరీ మనిషైతే అతని చేయి జేబులోని పెన్ను మీదకు పోతుంది.

బ్రిక్స్ అంటే 100 గ్రాముల రసంలో కరిగి ఉన్న ఘనపదార్థం, ప్రధానంగా చక్కెర, ఎన్ని గ్రాములో చెప్పే కొలత. దాన్ని చూడడానికి అరచేతిలో ఇమిడే గొట్టం లాంటి పరికరం ఉంటుంది. దాని కొసనున్న గాజు పలక మీద ఒక చుక్క రసం పిండి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి కన్ను ఆనిస్తే, లోపల నీలం, తెలుపు కలిసే గీత ఒక అంకె మీద నిలుస్తుంది. రెండు మూడు వేల రూపాయలలో దొరికే ఈ పరికరాన్ని, నాలుగు పండిన కాయలను, ఒక చాకును సంచిలో వేసుకుని సమావేశానికి వెళ్ళడం మెరుగు అట్టమీద అచ్చువేయించిన విజిటింగ్ కార్డుకంటే ఎక్కువ పని చేస్తుంది. పరిచయం మాటల దగ్గర మొదలైనా, ఇద్దరూ ఒకే గొట్టంలోకి వంతులవారీగా చూసిన తరువాతనే గట్టిపడుతుంది.

వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతిని ప్రోత్సహించడానికి 1985 నాటి చట్టం కింద ఏర్పడిన అపెడా, ఉద్యాన శాఖ వంటివి నిర్వహించే కొనుగోలుదారు–అమ్మకందారు సమావేశాలలో ముందుగానే హాజరయ్యేవారి జాబితా దొరికే వీలుంటుంది. ఆ జాబితా చదివి, కలవవలసిన ముగ్గురిని లేదా నలుగురిని గుర్తు పెట్టుకుని వెళ్ళడం, నలభై కార్డులు పంచి నలభై కార్డులు పోగుచేయడం కంటే మేలు. పూర్వాహ్ణమంతా జ్యోతి ప్రజ్వలనకు, పుష్పగుచ్ఛాలకు, శాలువాలకు, వేదిక మీది ప్రముఖులందరి పేర్లూ హోదా క్రమంలో చదవడానికి పోతుంది. దాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. అసలు సమావేశం టీ విరామంలో మొదలవుతుంది. కాబట్టి అనుభవజ్ఞుడైన వ్యాపారి కుర్చీ చివరి వరుసలో, తలుపుకు దగ్గరగా ఎంచుకుంటాడు. ఆ వరుసలోనే తరచుగా మహిళా రైతులు కూడా కూర్చుంటారు, కానీ వారు ఎంచుకుని కాదు. తోపులో కోత, గ్రేడింగు పనుల గురించి ఎక్కువగా తెలిసినది వారికే అయినా, టీ బల్ల దగ్గర వారిని ఎవరూ పలకరించరు, నష్టం పలకరించనివారిదే.

ఈ ప్రాంతపు మనిషికి ఒక సహజమైన పెట్టుబడి ఉంది, దాని విలువ అతనికి తెలిసినట్లు కనబడదు. బంగారుపాళ్యం మండీలో పనిచేసేవాడు వేలూరు లారీ డ్రైవరుతో తమిళంలోనూ, శ్రీనివాసపురం మామిడి వ్యాపారితో కన్నడంలోనూ, రైతుతో తెలుగులోనూ ఒకే గంటలో మాట్లాడగలడు. మూడు రాష్ట్రాల సరిహద్దు మీద పెరిగినందువల్ల అబ్బిన ఈ విద్య, కృష్ణగిరి, కోలారు, చిత్తూరు వర్తకులు కలిసే సమావేశంలో మూడు వలయాలకూ తలుపు తెరుస్తుంది. అందరూ తడబడుతూ ఇంగ్లీషులో పలకరించుకునే హాలులో, ఎన్నంగ, సౌఖ్యమా అని ఒక మూల తమిళం వినబడితే తలలు తిరుగుతాయి. అలాగే, మీదే ఊరు అని మొదలై, ఎవరి తాలూకు అన్న దాకా సాగే మన పలకరింపును ఊసుపోక ముచ్చటగా తీసిపారేయకూడదు; బ్యాంకు లేని కాలం నుంచి అది అప్పు ఇవ్వవచ్చునా లేదా అని తేల్చుకునే విచారణ. కాని దానికి ఒక దోషమూ ఉంది: బంధుత్వమో, కులమో కలవగానే సంభాషణ అక్కడే స్థిరపడిపోతుంది, కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. అన్నా అని పిలిచే చనువు దొరికిన మనిషి దగ్గర కొత్త కబురు దొరకకపోవచ్చు.

మధ్యవర్తి సంగతి కూడా ఇక్కడ ప్రస్తావించాలి. రోనాల్డ్ బర్ట్ అనే సమాజశాస్త్రవేత్త 1992లో వెలువరించిన గ్రంథంలో, ఒకరినొకరు ఎరుగని రెండు సమూహాల నడుమ ఉండే ఖాళీ గురించి రాశాడు. ఆ ఖాళీలో నిలబడి రెండు వైపులా మాట్లాడగలిగినవాడికే సమాచారమూ, లాభమూ దక్కుతాయని ఆయన వాదన. మండీ యజమానిని, ర్యాంపు నడిపేవాణ్ణి దళారి అని ఒక్క మాటలో తిట్టడం కంటే ఈ దృష్టితో చూడడం మేలు: అతను తీసుకునే కమీషన్‌లో కొంత అతను ఇచ్చే అప్పుకు, చేసే చాకిరీకి ప్రతిఫలం; మిగిలినది రైతుకూ ఫ్యాక్టరీకీ ముఖపరిచయం లేకపోవడానికి పడే వెల. పరిచయ సమావేశానికి వెళ్ళే సంఘ ప్రతినిధి ఆ ఖాళీని కొంత పూడుస్తాడు. కానీ పూడ్చినవాడు తానే అందులో నిలబడిపోయే ప్రమాదం ఉంది. కొనుగోలుదారుల నంబర్లన్నీ ఒక్క డైరెక్టరు సెల్‌ఫోనులోనే ఉండి, అతను పదవి దిగగానే సంఘం మళ్ళీ మొదటికి రావడం ఎరిగినవారికి కొత్త సంగతి కాదు. సంఘం డబ్బుతో బస్సెక్కి వెళ్ళి సంపాదించిన పరిచయం సంఘానిదా, అతనిదా అన్న తగవు కూడా అప్పుడే పుడుతుంది.

దీనికి విరుగుడు అతి సాదాసీదాది: ఒక రిజిస్టరు. సమావేశం నుంచి తిరిగివచ్చిన రాత్రే, మరునాటికి వాయిదా వేయకుండా, కలిసిన ప్రతి మనిషి పేరు, ఊరు, అతను అడిగినది, అతనికి పంపుతానని మాట ఇచ్చినది అందులో రాయాలి. రాసినది రెండు రోజులలో పంపాలి. నాలుగు కాయల నమూనా అయినా, ఒక వాట్సాప్ సందేశం అయినా, తమ దగ్గర లేని సరుకు దొరికే మరొకరి ఫోను నంబరు అయినా. చివరిది అన్నిటికంటే బలమైనది: అడిగిన ఖాదర్ మా దగ్గర లేదు గానీ దామలచెరువులో ఫలానావారి దగ్గర ఉంది అని చెప్పినవాణ్ణి కొనుగోలుదారు మరచిపోడు, ఎందుకంటే అమ్మకానికి వచ్చినవారు పదిమంది ఉంటారు, దారి చూపేవాడు ఒక్కడే.

కాలం విషయంలోనూ మార్పు కావాలి. కొనుగోలుదారు–అమ్మకందారు సమావేశాలు కాయ కోతకు దగ్గరపడినప్పుడు ఏర్పాటు చేయడం ఆనవాయితీ. అప్పటికి రైతుకు తొందర, ఫ్యాక్టరీకి ధీమా. మామిడి ఇక్కడ డిసెంబరు, జనవరి నెలలలో పూతకు వస్తుంది. ఫిబ్రవరి, మార్చికి పిందె గోళీ అంత అవుతుంది. ఎగుమతిదారు ఖాళీగా ఉండేదీ, రైతు ఇంకా ఖర్చు పూర్తిగా పెట్టనిదీ ఆ రోజులలోనే. అప్పుడు అడగవలసిన ప్రశ్న ధర ఎంత ఇస్తారు అని కాదు. షెడ్డులో ఇంకా ఎన్ని డ్రమ్ములు ఉన్నాయి, ఏ దేశపు ఆర్డరు ఆగింది, ఈ ఏడు ఫ్యాక్టరీలో రెండు లైన్లూ నడుపుతారా, ఒకటేనా అన్నవి ప్రశ్నలు. జవాబు ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పవచ్చు, కొందరు చెప్పకపోవచ్చు. నలుగురిని అడిగినప్పుడు ఇద్దరి మాట కలిస్తే చాలు. రిజిస్టరులో ఆ రోజు తేదీ కింద ఒక గీత కొట్టి, ఎడమవైపు పిందె లెక్క, కుడివైపు డ్రమ్ముల లెక్క వేసుకుని, తోపుకు రెండో విడత మందు కొట్టించాలా వద్దా అన్నది సంఘం మరుసటి నెల సమావేశంలో తేల్చుకోవచ్చు.